మీసం అతికిస్తే పాత్ర కాదు

1955లో తెలుగు ప్రేక్షకులు ఒకే మనిషిని మూడు రకాలుగా చూశారు. జనవరిలో ‘మిస్సమ్మ’ వచ్చింది. అందులో ఆయన అప్పాపురం జమీందారు. తప్పిపోయిన పెద్దకూతురి మీద బెంగ, ఊళ్లో ఒక బడి, బడి కోసం వచ్చి దిగిన కొత్త మాస్టారి దంపతుల మీద అవ్యాజమైన వాత్సల్యం. అదే ఏడాది ‘బంగారుపాప’లో మొరటు కోటయ్య. జైలు చూసొచ్చి లోకం మీద కక్ష పెంచుకున్నవాడు, దొరికిన పసిబిడ్డ చేతుల్లో మెత్తబడిపోతాడు. ‘అనార్కలి’లో అక్బరు చక్రవర్తి. కన్నకొడుకు ప్రేమను సింహాసనం మీద కూర్చుని తీర్పు చెప్పాల్సిన తండ్రి. అప్పటికి ఆ నటుడికి ముప్పై ఏడేళ్లు కూడా నిండలేదు. పేరు సామర్ల వెంకట రంగారావు.

నేను ఎస్వీఆర్ పక్షం. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ వ్యాసంలో నిష్పక్షపాతం వెతికేవాళ్లకు నిరాశే మిగులుతుంది. తెలుగు సినిమాలో మహానటులు చాలామంది ఉన్నారు. ఒక పాత్రలోకి వెళ్లి తలుపు వేసుకుని, బయట చెప్పులు కూడా కనబడకుండా మాయమైపోయినవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. వాళ్లలో మొదటివాడు ఆయనే. రెండోవారు సావిత్రి. మూడో పేరు దగ్గర మనం వాదించుకోవచ్చు.

ఆయన చరిత్ర అందరికీ తెలిసిందే గనుక త్వరగా ముగిస్తాను. 1918 జూలై 3న నూజివీడులో పుట్టాడు. కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో రాటుదేలాడు. అంజలీదేవి, ఆదినారాయణరావు కూడా ఆ గూటి పక్షులే. కొంతకాలం అగ్నిమాపక శాఖలో ఉద్యోగం చేశాడు. 1947లో ‘వరూధిని’లో ప్రవరాఖ్యుడుగా తొలి వేషం. సినిమా ఆడలేదు. 1950లో ‘షావుకారు’లో సున్నం రంగడు అనే వీధిరౌడీ, మరుసటి ఏడు ‘పాతాళ భైరవి’లో నేపాళ మాంత్రికుడు. ఆ తర్వాత వెనక్కి తిరిగి చూసుకోవలసిన అవసరం రాలేదు. సెట్‌కి ఆలస్యంగా వచ్చేవాడనీ, వచ్చాక ఒక్క టేకులో అందరి ఆలస్యాన్నీ తీర్చేసేవాడనీ పాతవాళ్లు చెప్పుకుంటారు. నిజానిజాలు నాకక్కర్లేదు. తెర మీద ఉన్నదే నాకు సాక్ష్యం.

మాయమవడం అంటే ఏమిటో, అది ఎలా జరుగుతుందో చూద్దాం. భరతుడు అభినయాన్ని నాలుగుగా చెప్పాడు: ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్వికం. ఒళ్లు, మాట, వేషం, లోపలి కదలిక. వీటిలో డబ్బు పెట్టి కొనగలిగేది ఆహార్యం ఒక్కటే. కిరీటం, గడ్డం, విగ్గు, రంగు అన్నీ మేకప్ గదిలో దొరుకుతాయి. మిగతా మూడూ నటుడు ఇంటి దగ్గర నుంచి తెచ్చుకోవాలి. ఎస్వీఆర్ విషయంలో అసలు చిక్కు ఏమిటంటే, ఆయన దాక్కోవడానికి వీల్లేని మనిషి. అంత ఎత్తు, అంత ఛాతీ, ఆ కళ్లు, దూరం నుంచే గుర్తుపట్టే గొంతు. సన్నగా, సాదాగా ఉన్న నటుడికి ఏ వేషమైనా వేయొచ్చు. ఇంతటి విగ్రహాన్ని ఎక్కడ దాస్తాం?

ఒంటి బరువులో దాచాడు. ‘పాతాళ భైరవి’ మాంత్రికుడిని చూడండి. ఆ భారీకాయం అందులో ఎక్కడికి పోయిందో తెలియదు. ముందుకు వంగిన మెడ, నిలకడలేని వేళ్లు, ఎప్పుడూ ఏదో వెతుకుతున్న చూపు. ఆ మనిషి ఆకలిగా ఉన్నాడు, అన్నం ఆకలి కాదు. ఆరేళ్ల తర్వాత ‘మాయాబజార్’లో అదే ఒంటిని ఘటోత్కచుడుగా మార్చినప్పుడు, చేతులు పక్కలకు ఆనవు, అడుగు నేల మీద పూర్తిగా పడదు, ప్రతి కదలికలోనూ ఒక చిన్నపిల్లాడి హుషారు. రాక్షసుడంటే అంతకు ముందు మనకు కోరలు, కేకలు. ఈయన వచ్చి రాక్షసుణ్ణి ముద్దుబిడ్డని చేశాడు. తల్లి హిడింబిగా వేసిన సూర్యకాంతం నిజానికి ఆయన కంటే ఆరేళ్లు చిన్న. ఆ తల్లి ముందు ఆయన నిలబడిన తీరు చూస్తే ఆ లెక్క ఎవరికి గుర్తొస్తుంది?

తర్వాత 1963లో ‘నర్తనశాల’ కీచకుడు. ఇక్కడ బరువంతా తుంటిలోకి దిగింది. నడకలో తొందర లేదు. కోరుకున్నది ఎలాగూ తన కాళ్ల దగ్గరికి వస్తుందన్న ధీమా. రెప్పలు సగం వాలి ఉంటాయి. సైరంధ్రిని చూసినప్పుడు ముఖంలో మార్పు రాదు, ఊపిరి మాత్రం మారుతుంది. దుర్మార్గాన్ని ఇంత తక్కువ ఖర్చుతో చూపించిన నటుణ్ణి నేను మరొకరిని చూడలేదు. ఆ సినిమాలో భీముడుగా వేసింది బరువులెత్తే పోటీల్లో పేరు మోసిన దండమూడి రాజగోపాలరావు. అసలు సిసలు కండలవీరుడు. ఆయన పక్కన నిలబడినా కీచకుడు అంగుళం కూడా తగ్గలేదు. జకార్తాలో జరిగిన ఆఫ్రో–ఏషియన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి ఈ పాత్రకే వచ్చింది. తెలుగు ముక్క రాని న్యాయనిర్ణేతలు ఆ నడక చూసే ఇచ్చి ఉంటారని నా నమ్మకం.

ఇప్పుడు మాట దగ్గరికి వద్దాం. ఆ రోజుల్లో డబ్బింగు థియేటర్లో కూర్చుని దిద్దుకునే వెసులుబాటు లేదు. సెట్లో మైకు ముందు ఏది పలికితే అదే ఖాయం. నాటకరంగం నుంచి వచ్చినవాళ్లకు ఒక జబ్బు ఉండేది, వెనక బెంచీకి వినిపించాలని అరవడం. ఎస్వీఆర్ అంత గొంతు ఉండి కూడా దాన్ని దాచుకుని వాడాడు. మాంత్రికుడు మాటల్ని తుంపి తుంపి నములుతాడు, సగం తనలో తాను గొణుక్కుంటాడు, ఉన్నట్టుండి ఒక పిలుపు విసురుతాడు. ‘డింభకా’ అన్న ఒక్క మాట డెబ్బై ఏళ్లుగా మిమిక్రీ కళాకారులకు అన్నం పెడుతోంది. వాళ్లు పట్టుకున్నది ఆ మాట సాగదీతను మాత్రమే. ఆ మాటకు ముందు ఆయన ఆగిన క్షణాన్ని ఎవరూ పట్టుకోలేదు. కథానాయకుడు తోట రాముణ్ణి ఆపాదమస్తకం తూకం వేసిన క్షణం అది.

పింగళి నాగేంద్రరావు రాసిన మాటలు నోరు తిరగని నటుడి చేతిలో పడితే వెటకారంగా తేలిపోతాయి. ‘అసమదీయులు’, ‘తసమదీయులు’ లాంటివి రాక్షసబాల్యపు భాషలో పలకాలి, జోకు వేస్తున్నట్టు పలకకూడదు. ఘటోత్కచుడికి అవి జోకులని తెలియదు కదా! ఎస్వీఆర్ వాటిని ఎంతో గంభీరంగా, బడిలో కొత్తగా నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు పలికాడు. హాలంతా నవ్వింది అందుకే. అదే గొంతు ‘మిస్సమ్మ’లో మన పక్కింటి పెద్దాయనది. వాక్యం చివరికొచ్చేసరికి కాస్త తగ్గుతుంది, ఎదుటివాడు మాట్లాడటానికి చోటిస్తుంది. ఏ రాగం లేదు, ఏ విరుపు లేదు. వరసగా రెండు రాత్రులు ఈ రెండు సినిమాలూ కళ్లు మూసుకుని వినండి, ముఖం చూడకుండా. ఒకే మనిషని చెప్పలేరు.

పాటకు పెదవులు కలపడంలోనూ ఇంతే. ‘వివాహ భోజనంబు’ పాడింది మాధవపెద్ది సత్యం. ఆ గొంతూ ఈ ఒళ్లూ ఒకటే అనిపించడానికి పెదవులు కలిస్తే చాలదు, పొట్ట కదలాలి, గొంతు కింద నరం కదలాలి. మార్కస్ బార్ట్లే కెమెరా చేసిన మాయకు లడ్డూలు ఎగిరొచ్చి నోట్లో పడతాయి. ఆ మాయ గురించి ఎందరో రాశారు. లడ్డూ నోట్లో పడ్డాక ఆ ముఖంలో విరిసిన ఆనందం మాత్రం ఏ కెమెరా చేసింది కాదు.

లోపలి కదలిక అన్నానే, సాత్వికం, దాన్ని వివరించడం కష్టం. 1967 ‘భక్త ప్రహ్లాద’ చూస్తే కాస్త అర్థమవుతుంది. హిరణ్యకశిపుడు అరిచే పాత్ర. ఎవరు వేసినా అరుస్తారు. ఎస్వీఆర్ కూడా అరిచాడు. కానీ ప్రహ్లాదుడుగా వేసిన చిన్నారి రోజారమణిని చంపమని ఆజ్ఞ ఇచ్చే ప్రతిసారీ ఆ అరుపు వెనక ఒక తండ్రి వణుకు వినబడుతుంది. కొడుకును గెలవలేని తండ్రి కోపం అది, దేవుణ్ణి గెలవాలనుకునే రాక్షసుడి కోపం కాదు. ఆ రెండింటి తేడా పట్టుకోబట్టే ఆ సినిమాలో మనం ప్రహ్లాదుడికి మొక్కి, హిరణ్యకశిపుడి మీద జాలిపడి ఇంటికొస్తాం.

ఇక సావిత్రి. ఆమె గురించి ‘మహానటి’ అన్న మాట అరిగిపోయేదాకా వాడేశాం గనుక, నేను ఒక్క సంగతే చెప్తాను. ‘మాయాబజార్’లో ఆమెకు దక్కినంత కష్టమైన పరీక్ష తెలుగులో మరే నటికీ దక్కలేదు. ఆమె శశిరేఖగా వేయాలి. ఆ తర్వాత శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడుగా వేయాలి. అంటే సావిత్రి ఎస్వీఆర్‌ని అభినయించాలి, అదీ నాజూకు ఆడపిల్ల పట్టుచీరలో, మీసమూ గదా లేకుండా. ఎవరూ లేనప్పుడు భుజం విసిరి పెద్ద అంగలేయడం, ఎవరైనా వస్తే చటుక్కున సిగ్గులోకి ముడుచుకోవడం, ఆ ముడుచుకోవడంలో కూడా ఒక మగరాయుడి కొంటెతనం కనబడటం. పెళ్లిపీటల దగ్గర లక్ష్మణ కుమారుడైన రేలంగి విలవిల్లాడుతుంటే మనకు నవ్వొస్తుంది, ఎందుకంటే ఆ కాలి కింద బరువు సావిత్రిది కాదని మనకు నమ్మకం కుదిరింది. ఒక్క ప్రోస్థటిక్ ముక్క వాడలేదు. మేకప్ అదే, చీర అదే, ముఖం అదే. మనిషి మారిపోయాడు. ప్రపంచంలో ఎక్కడైనా నటన బడిలో ఈ పదిహేను నిమిషాలు పాఠంగా పెట్టొచ్చు. మన దగ్గరే పెట్టలేదు.

ఇక్కడ అభిమానులు నా మీద లేస్తారు. మరి అన్నగారో? నాగేశ్వరరావు గారో? 1966 ‘నవరాత్రి’లో అక్కినేని తొమ్మిది పాత్రలు వేశారు, తమిళంలో శివాజీ వేసిన దారిలోనే. కమల్ హాసన్ 2008లో ‘దశావతారం’ అని పది వేశాడు. లెక్క పెద్దదే. కానీ లెక్కతో చూపించే వైవిధ్యం మీద నాకు మొదటినుంచీ అనుమానం. తొమ్మిది వేషాలు వేస్తున్నానని ముందే చెప్పి వేస్తే ప్రేక్షకుడి ధ్యాస పాత్ర మీద ఉండదు. ఎక్కడ నటుణ్ణి గుర్తుపట్టాలా అన్న ఆట మీద ఉంటుంది. అది మాయమవడానికి సరిగ్గా వ్యతిరేకం. రామారావు గారి మాట వేరు. ‘దానవీరశూరకర్ణ’లో కృష్ణుడి కిరీటం తీసి దుర్యోధనుడి కిరీటం పెట్టుకున్నా ఆయన అన్నగారే. జనం వచ్చిందీ అన్నగారిని చూడటానికే, అదొక వేరే వైభవం. అయితే ‘రాజు పేద’లో పోలిగాడుగా, ‘నర్తనశాల’లో బృహన్నలగా వేసినప్పుడు ఆయన కూడా తలుపు వేసుకున్నాడు. అందగాడుగా వెలుగుతున్న హీరో అలాంటి సాహసం చేయడం చిన్న విషయం కాదు. ఒప్పుకుంటాను. ఒప్పుకుని మళ్లీ ఎస్వీఆర్ దగ్గరికే వస్తాను.

ఎందుకంటే హీరోకు దొరకని స్వేచ్ఛ క్యారెక్టర్ నటుడికి ఉంది. ‘గుండమ్మ కథ’లో రామారావుకూ నాగేశ్వరరావుకూ ఆయన తండ్రి. వాళ్లకూ ఆయనకూ మధ్య తేడా ఐదారేళ్లే. గుమ్మడి అయితే తన కంటే పెద్దవాళ్లయిన హీరోలకు కూడా పెద్దదిక్కుగా వేశాడు. వీళ్లకు అందంగా కనబడాలన్న బెంగ లేదు, అభిమాన సంఘాల భయం లేదు. 1957 ఒక్క సంవత్సరంలోనే ఎస్వీఆర్ ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు, ‘తోడికోడళ్లు’లో సంసారి లాయరు, ‘సతీ సావిత్రి’లో యముడు. 1964లో ‘బొబ్బిలి యుద్ధం’ తాండ్ర పాపారాయుడు, 1970ల్లో ‘తాత మనవడు’లో దిక్కులేని ముసలి తాత. ఆ తాతను చూసి ఏడ్చిన జనంలో ఎంతమందికి ఈ చేతులే ఒకప్పుడు గద తిప్పాయని గుర్తుకొచ్చి ఉంటుంది? 1974 జూలై 18న ఆయన పోయాడు. 56 ఏళ్లు. పద్మ పురస్కారం ఏదీ రాలేదు. భారతీయ సినిమా వందేళ్ల సందర్భంగా 2013లో ఒక తపాలా బిళ్ల వచ్చింది.

ఎస్వీఆర్ వరసలో తర్వాత వచ్చినవాళ్లు ఉన్నారు. ‘ముత్యాల ముగ్గు’లో కాంట్రాక్టరుగా రావు గోపాలరావు విలన్‌కి గోదావరి జిల్లా మర్యాద నేర్పాడు. నిమ్మళంగా, నవ్వుతూ, సంగీతాన్ని మెచ్చుకుంటూ హత్యలు పురమాయించే మనిషి. యముణ్ణి నవ్వించే యముడుగా మార్చినవాడు కైకాల సత్యనారాయణ. నా లెక్కలో మూడో పేరు మాత్రం కోట శ్రీనివాసరావుదే. కంకిపాడులో పుట్టి, బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ నాటకాలాడిన మనిషి 1985 ‘ప్రతిఘటన’లో తెలంగాణ యాసతో మంత్రి కాశయ్యగా వచ్చాడు. రెండేళ్లకు జంధ్యాల ‘అహ నా పెళ్లంట’లో పిసినారి లక్ష్మీపతి. వేలాడదీసిన కోడిని చూస్తూ ఒట్టి అన్నం తినే ఆ ముఖంలో కాశయ్య ఛాయ కూడా లేదు. ‘ఆ నలుగురు’లో వడ్డీ డబ్బు తప్ప మరొకటి తెలియని కోటయ్య, చావు ముందు నిలబడి మారిపోతాడు. ఆ మార్పును ఆయన ఏడుపుతో చూపించలేదు, తడబాటుతో చూపించాడు. ఒక మాట మాత్రం అనక తప్పదు: కాశయ్య విజయం తర్వాత పరిశ్రమ ఆ యాసను విలన్లకూ కమెడియన్లకూ అంటగట్టి వదిలేసింది. తెలంగాణ మిత్రులు నొచ్చుకోవడంలో పూర్తి న్యాయం ఉంది. నటుడు ఒక మనిషిని చూసి పట్టుకొచ్చిన భాషను తర్వాతి వాళ్లు ముద్రగా మార్చేశారు.

పరాయి నటులను తెచ్చి తెలుగు పాత్రలు ఇవ్వడం మీద కోట బహిరంగంగా ఎన్నోసార్లు మండిపడ్డాడు. చాదస్తం అన్నారు కొందరు. నేను ఆయన పక్షమే. భాష రాని నటుడు గొప్పవాడు కాడని కాదు నా మాట. ఎస్వీఆర్ తమిళంలోనూ ఘటోత్కచుడుగా వేశాడు, తన గొంతుతోనే తమిళం మాట్లాడాడు. అదీ పద్ధతి. ఇప్పుడేం జరుగుతోంది? కండలు పెంచిన ఒకాయనను విమానంలో దించుతారు. ఆయన పెదవులు ఏదో కదుపుతాడు, ఒకటీ రెండూ మూడూ అని అంకెలు చదివి వెళ్లిపోయిన మహానుభావులు కూడా ఉన్నారని డబ్బింగు వాళ్లు నవ్వుకుంటారు. తర్వాత ఎవరో ఇక్కడి కళాకారుడు చీకటి గదిలో ఆ పెదవులకు మాట అతికిస్తాడు. ఒళ్లు ఒకరిది, గొంతు ఒకరిది. పాత్ర ఎవరిది? మాట పలుకుతున్నప్పుడు మెడ నరం ఎలా కదలాలో ఆ ఒంటికి తెలియదు. ఆ ఒళ్లు ఎందుకు వణికిందో ఈ గొంతుకు తెలియదు. సాత్వికం ఆ రెంటి మధ్య పడి చచ్చిపోతుంది.

మన సొంత నటుల సంగతీ అంత గొప్పగా లేదు. ‘పాత్ర కోసం పన్నెండు కిలోలు తగ్గాడు’, ‘మేకప్‌కే రోజూ నాలుగు గంటలు’, ‘గడ్డం ఏడాది పెంచాడు’. సినిమా విడుదలకు ముందు మనకు వినిపించే గొప్పలన్నీ ఇవే. ఇదంతా ఆహార్యం, అయ్యా! కిలోలు తగ్గినందుకు వైద్యుణ్ణి మెచ్చుకోవాలి, గడ్డానికి దేవుణ్ణి మెచ్చుకోవాలి. ఆ గడ్డం వెనక నిలబడి అదే పాత హీరో, అదే పాత నడకతో, అదే పాత తల విదిలింపుతో డైలాగు కొడుతుంటాడు. అప్పుడు మనం రాసే సమీక్షలో ‘పాత్రలో జీవించాడు’ అని ఒక వాక్యం పడేస్తాం. ఆ వాక్యాన్ని పదేళ్లపాటు నిషేధించాలి.

మంచి లేదని కాదు. ‘రంగస్థలం’లో చెవిటి చిట్టిబాబుగా రామ్‌చరణ్ వినలేనితనాన్ని చెవిలో పెట్టిన మిషనుతో సరిపెట్టకుండా చూపులోకీ అరుపులోకీ తెచ్చుకున్నాడు. ‘పుష్ప’లో అల్లు అర్జున్ చిత్తూరు మాటను శ్రద్ధగా పట్టాడు, జాతీయ అవార్డూ తెచ్చాడు. ఆ ఎత్తిన భుజం మాత్రం త్వరలోనే పాత్రను వదిలి రీల్స్‌కి వెళ్లిపోయింది. ‘కేరాఫ్ కంచరపాలెం’లో ఆ ఊరి మనుషులే వేసి, మేకప్ లేని ముఖాలతో మనల్ని నమ్మించారు. ఇలాంటివి మెరుపులే తప్ప వరస కట్టడం లేదు. ఎస్వీఆర్ కాలంలో ఒక్క నటుడికి ఏడాదిలో మూడు పరస్పర విరుద్ధమైన మనుషులు రాసిచ్చేవాళ్లు ఉన్నారు. ఇప్పుడు తండ్రి పాత్ర అంటే రెండు సీన్లు, ఒక ఆసుపత్రి మంచం. ఆ మంచం మీద ఎవరు పడుకుంటే ఏమిటి?

కనుక నిర్మాతలకూ దర్శకులకూ నా విన్నపం. పరిషత్తు నాటక పోటీల్లో, సురభి వేదికల మీద, జిల్లా కళాసమితుల్లో గొంతూ ఒళ్లూ రెండూ తమవే అయిన నటులు ఇంకా ఉన్నారు. కాకినాడ నాటక క్లబ్బు నుంచి ఎస్వీఆర్, బ్యాంకు కౌంటరు వెనక నుంచి కోట వచ్చినట్టే, రేపటి నటుడూ అక్కడి నుంచే వస్తాడు. ముంబయి విమానం టికెట్టు డబ్బులతో ఒక్కసారి గుంటూరు, వరంగల్, విజయనగరం వెళ్లి రండి.

పాఠకులకు కూడా ఒక మాట. మీ ఊళ్లో ఈ సంక్రాంతికో ఉగాదికో నాటకం ఆడుతుంటే వెళ్లండి. ఒకే రాత్రి రెండు నాటకాల్లో కనబడి, రెండోదాంట్లో మీరు గుర్తుపట్టలేకపోయిన నటుడు ఎవరైనా ఉంటే, పేరు రాసుకుని పత్రికకు ఉత్తరం రాయండి.